పొరుగు రాజ్యాలే... పాలన వేరు!

కడప, గోదావరి జిల్లాల నుంచి ఎంతోమంది బతుకుతెరువు కోసం వెళ్లే దేశం కువైట్. దాని పొరుగునే సౌదీ అరేబియా. రెండూ రాచరికాలే. అయినా పాలన తీరు మాత్రం ఒకటి కాదు.

సౌదీలో ఎన్నికైన పార్లమెంటు లేదు. 150 మంది షూరా మండలి సభ్యులనూ రాజే నియమిస్తారు. వాళ్లు సలహా చెప్పొచ్చు, చట్టాల ముసాయిదాలపై చర్చించొచ్చు. తుది మాట రాజుదే. కోర్టులు, మంత్రివర్గం, మండలి... మూడింటికీ పైన ఉండేది ఆయనేనని 1992 నాటి మౌలిక శాసనమే చెబుతోంది.

కువైట్‌లో అలా కాదు. 1962 రాజ్యాంగం ప్రకారం 50 మంది సభ్యులను ప్రజలే ఎన్నుకోవాలి. మంత్రులను సభలో నిలబెట్టి నిలదీసే హక్కు వాళ్లకుంది. 2006 జనవరిలోనైతే అనారోగ్యంతో ఉన్న అమీర్ షేక్ సాద్‌ను ఆ సభే ఓటేసి తప్పించింది! రాచరికాల్లో ఇది అరుదైన సంగతి.

అయితే ప్రధానిని నియమించేదీ, సభను రద్దుచేసేదీ అమీరే. 1976లో, 1986లో సభ ఏళ్ల తరబడి మూతపడింది. 2024 మే 10న అమీర్ షేక్ మిషాల్ దాన్ని మళ్లీ రద్దుచేశారు. రాజ్యాంగంలోని కొన్ని అధికరణాలను నాలుగేళ్లకు మించని కాలానికి పక్కన పెట్టారు. సభ అధికారాలు అమీర్‌కూ మంత్రివర్గానికీ దక్కాయి.

ఒకనాడు అమీర్‌నే దించిన సభ అది. రాజ్యాంగంలో రాసుకున్న హక్కులు ఒక ఎత్తు, సభ తాళం ఎవరి చేతిలో ఉందన్నది మరో ఎత్తు!