పిడుదుకు బీడీ నిప్పు వద్దు

సండూరు కొండల కింద మంద కట్టుకునే గొర్రెల కాపరిని అడిగితే, పిడుదు పీకడం కూడా ఒక విద్యేనా అంటాడు. బీడీతో చురక పెడితే సరి, లేదంటే చుక్క కిరోసిన్. కొందరు సున్నం రాస్తారు. తాతల నాటి ఈ వైద్యమే కొంప ముంచేది. నిప్పు తగిలిన పిడుదు విలవిల్లాడి తన ఎంగిలిని మనిషి ఒంట్లోకే కక్కే ప్రమాదముంది. రోగం ఉండేదీ ఆ ఎంగిలిలోనే.

పిడుదేం చేస్తుందిలే అనుకోవడానికి లేదు. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు రాలిపోయాయి, వెనకే మనుషులు జ్వరాన పడ్డారు. కన్నడిగులు 'మంగన కాయిలె' అని పిలిచే ఆ జబ్బును మోసింది ఉణుగే, అంటే మన పిడుదే. 2024లోనూ కర్ణాటకలో దానికి ప్రాణాలు పోయాయి. దానికంటూ ప్రత్యేకమైన మందు లేదు. అది మలెనాడు అడవుల జబ్బు, బళ్లారి మెట్టలకేం భయం అంటారా? కుక్కల పిడుదులు మోసే టైఫస్ జ్వరానికి అడవితో పనిలేదు, వాకిట్లో కుక్క చాలు. సమయానికి గుర్తిస్తే డాక్సీసైక్లిన్ మాత్రలతో తగ్గే జ్వరమది. గుర్తించకపోతేనే ముప్పు.

తీసే పద్ధతి తేలికే. కాపరుల దగ్గర ముల్లు తీసే చిమటా ఎటూ ఉంటుంది. దాని మొన సన్నగా ఉంటే చాలు. పిడుదు పొట్టను కాదు, చర్మాన్ని ఆనుకుని ఉన్న మూతి దగ్గర పట్టాలి. మెలి తిప్పకుండా, కుదుపు లేకుండా నిదానంగా పైకి గుంజాలి. మూతి ముక్క లోపల విరిగిపోతే, సులువుగా వస్తే తీయాలి, లేదంటే సూదులతో కెలక్కుండా వదిలేయాలి. చిమటా లేనప్పుడు వేళ్లకు ప్లాస్టిక్ కవరు చుట్టుకుని తీయొచ్చు. ఊడిన దాన్ని గోటితో చిదమకూడదు. చాలామంది చేసే తప్పు ఇదే. కాటు చోటును, చేతులను సబ్బుతో కడగాలి. ఏ రోజు కరిచిందో గుర్తుంచుకోవాలి. ఆ తర్వాత రెండు, మూడు వారాల్లోపు జ్వరం గానీ, ఒంటిపై దద్దుర్లు గానీ వస్తే డాక్టరుకు పిడుదు సంగతి ముందే చెప్పాలి.

మరి ఇదంతా కాపరికి చెప్పేదెవరు? గొర్రెలకు మందు తాగించడానికి ఊళ్లకు వచ్చే పశువైద్య సిబ్బంది ఆ పక్కనే నిలబడ్డ మనిషి కాళ్లు కూడా చూడొచ్చు కదా! ఆశా కార్యకర్తల సంచిలో ఒక చిమటా పెట్టడానికి పెద్ద బడ్జెట్టేమీ అక్కర్లేదు. ఆలూరు, రాయదుర్గం మందలకు రాష్ట్ర సరిహద్దు తెలియదు, పిడుదుకు అసలే తెలియదు. కాబట్టి ఆరోగ్య కేంద్రాల గోడల మీద రాసే నాలుగు మాటలు కన్నడంలోనూ, తెలుగులోనూ ఉండాలి. అవి ఎండలు ముదరకముందే రాయాలి.