కరువుకు కోరలు కట్టిందెవరు?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ఈ మూడు పేర్లలో ఏ ఒక్కటి పేపరుకెక్కినా, ముందో వెనకో ఒక మాట వచ్చి చేరుతుంది: కరువు కోరలు చాచింది. వాన నెల రోజులు వెనకబడితే చాలు, వేరుశనగ తీగ వాడకముందే శీర్షిక సిద్ధం. అది రాసే చెయ్యి ఇక ఆగాలి. కరువుకు కోరల్లేవు. ఎవరో కట్టారు.

కోర అంటే ఒట్టి పన్ను కాదు. నోరు మూసినా పెదవి దాటి కనబడేది, లేదా కాటుకోసమే పుట్టినది. అడవిపందికి కోర, పాముకు కోర, తోలుబొమ్మలో రాక్షసుడికి కోర. ఏనుగుదైతే మాత్రం దంతం అంటాం. పైకి లేచిన మీసం కోరమీసం. హిందూపురం దాటి గౌరిబిదనూరు వైపు వెళ్తే అదే ‘కోరె’ అవుతుంది, కన్నడిగులు కోరెహల్లు అంటారు. రెండు భాషలకూ ఇంటిమాటే. సంస్కృతపు దంష్ట్ర మాత్రం కరవడమనే ధాతువు నుంచి పుట్టింది. ఏ భాషలో చూసినా కోర వెనక ఒక ప్రాణి ఉంది. ఆ ప్రాణికి ఆకలో భయమో ఉంది.

పైగా మా నేల మీద కోర ఎప్పుడూ చావుకే గుర్తు కాదు. విజయనగర రాజముద్ర వరాహం, వాళ్ల బంగారు నాణెం పేరు వరహా. వాళ్ల రాగిరేకు శాసనాల్లో చాలావాటి మొదట, నీటిలో మునిగిన భూమిని కోర మీద ఎత్తి నిలబెట్టిన ఆదివరాహానికీ మొక్కు ఉంటుంది. 1565 యుద్ధంలో హంపి కూలాక తిరుమలరాయలు కాపురం మార్చింది పెనుకొండకే. లేపాక్షిలో ఏడు పడగల రాతి నాగు లింగానికి గొడుగు పట్టి కూర్చుంది. కోరలున్నదే కాపు కాస్తుందని నమ్మిన సీమ ఇది. ఆ మాటను లాక్కెళ్లి ఆకాశానికి అతికించారు.

ఎందుకు అతికించారు? మృగం మీద కేసు పెట్టలేం గనక. కరువును మృగం చేస్తే కాలువ తవ్వనివాడు, చెరువు పూడ్చినవాడు, అప్పు తిరగరాయనివాడు అందరూ ప్రేక్షకులైపోతారు, అయ్యో పాపం అనొచ్చు. 1876-78 ధాత కరువులో జరిగిందీ ఇదే. మా పల్లెలు అప్పుడు బళ్లారి జిల్లాలో ఉండేవి. రోజంతా రాళ్లు కొట్టిన మనిషికి ఒక పౌను ధాన్యం, అరణా చాలని తేల్చినవాడు బ్రిటిష్ ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్. జనం రాలిపోతుంటే దేశం నుంచి ధాన్యం ఓడలెక్కుతూనే ఉంది. అక్కడ ఏ కోరలు పనిచేశాయి? సంతకాలు పనిచేశాయి.

మా దగ్గర ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లు. తక్కువే, ఎవరూ కాదనరు. కానీ ఆ తక్కువ వానను చెరువుల్లో దాచుకుని బతికిన నేల ఇది. బుక్కపట్నం చెరువు, ధర్మవరం చెరువు ఊరికే వెలవలేదు. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో నీళ్ల దగ్గర రాయలసీమకు ముందు పీట అని కోస్తా, సీమ పెద్దలు రాసుకున్నారు. హంద్రీ-నీవా కాలువ మీద కృష్ణా నీళ్లు పెనుకొండ పక్కన గొల్లపల్లి రిజర్వాయరుకు చేరడానికి దాదాపు ఎనభై ఏళ్లు పట్టింది. ఆ ఎనభై ఏళ్లూ ఆకాశమే అడ్డం నిలిచిందా?

నిజం కోర కూడా ఉంది, దాని సంగతీ చెప్పాలి. రక్తపింజరి కోరలు నోట్లో మడతపడి ఉండి, కాటేసేటప్పుడు లేస్తాయి. ఏళ్ల తరబడి రైతుకు బోరు కరెంటు రాత్రిపూటే ఇచ్చారు. చీకట్లో మడికి నీళ్లు కట్టడానికి పోయి పాము కరిచి చచ్చినవాళ్ల లెక్క ఏ కరువు పద్దులో వేశారు? పాముది దాని బతుకు. ఆ వేళకు కరెంటు వదలడం మాత్రం మనుషుల నిర్ణయం.

పట్టుచీరలు నేసే ధర్మవరంలో ఇదే కోరల మాట తిరగబడుతుంది. చేతిమగ్గం వస్త్రాల రిజర్వేషన్ చట్టం 1985లో వచ్చింది. మొదట 22 రకాలు, ఇప్పుడు 11. జరీ అంచు పట్టుచీర ఆ జాబితాలోదే. 1993లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని చెప్పింది. మరమగ్గం మీద అదే చీర దించితే ఆరు నెలల దాకా జైలు, మగ్గానికి ఐదు వేల దాకా జరిమానా. అయినా నేతగాడు రోజుల తరబడి గుంతలో కాళ్లు పెట్టి నేసిన చీర పక్కనే మరమగ్గం చీర సగం ధరకు పట్టు పేరుతోనే అమ్ముడవుతోంది. దీన్ని మన పెద్దలు ఎంత తాపీగా అంటారో వినండి: కోరల్లేని చట్టం. ఉన్నాయి! జైలు అని అచ్చులో ఉంది. కరవమని వదిలేవాళ్లు లేరు. వానలేని ఆకాశానికి కోరలు మొలిపించి, మొలిచిన చట్టానికి లేవనే నోళ్లను నేను క్షమించను.

అప్పులపాలై మగ్గం దగ్గరే ఉరేసుకున్న నేతన్న వార్త మళ్లీ వస్తే, విలేకరన్నా, అప్పుల కోరలని రాయకు. ఈ ఏడు ధర్మవరంలో ఎన్ని మరమగ్గాల మీద ఆ చట్టం కింద కేసు పెట్టారో చేనేత శాఖ అధికారిని అడుగు. ఆయన చెప్పిన అంకెను, ఆయన హోదాతో సహా, మొదటి వాక్యంలో అచ్చువెయ్యి.