చిన్న భూకంపము చెప్పు పాఠము

ప్రాణనష్టము లేని భూకంపమును జనులు వారము దినములలో మరచిపోదురు. గండము గడచినదనియు, భూమిలోని ఒత్తిడి తీరినదనియు సంతోషింతురు. ఈ రెండు భావములును సరియైనవి కావని మా అభిప్రాయము.

అమెరికా పడమటి భాగమున, సియెరా నెవాడా కొండలకును వాసాచ్ కొండలకును నడుమ, భూపటలము కోటి సంవత్సరములకు పైగా తూర్పు పడమరలుగా సాగుచున్నది. సాగిన నేల పగులును; పగిలిన చోట ఒక ప్రక్క నేల క్రిందికి జారును. ఇట్టి పగులును భ్రంశమందురు. వాసాచ్ కొండల పాదమున నున్న భ్రంశము చెంతనే, నేల జారు దిక్కుననే, సాల్ట్ లేక్ నగరము వెలసినది.

భ్రంశపు అంచు నేలపై కనబడును. లోతున అది ఏ వాలున పోవుచున్నదో త్రవ్వి చూచుటకు వీలుకాదు. 2020 మార్చి 18న నగరమునకు పడమట, మాగ్నా సమీపమున, 5.7 పరిమాణముగల భూకంపము వచ్చినది. పాత ఇటుక కట్టడములు దెబ్బతినినవి, ఎవరును మరణింపలేదు. ఆ కంపమును, వెనువెంట వచ్చిన రెండువేలకు మించిన అనుకంపములను యంత్రములు నమోదు చేసినవి. వానిని పరిశీలించిన శాస్త్రజ్ఞులు, పైన నిటారుగా దిగు పగులు లోతున వంపు తిరిగి, వాలు తగ్గి, నగరము క్రిందుగా పోవుచున్నదని తలచిరి. అట్లైనచో పెద్ద భూకంపమున నగరము పూర్వము ఊహించినదానికంటె గట్టిగా కంపింపవచ్చును.

ఇక ఒత్తిడి తీరినదను మాట. 7 పరిమాణముగల భూకంపపు శక్తి 5.7 దానికి సుమారు 90 రెట్లు. చెంబెడు నీరు తోడినంత బాన వట్టిదగునా? వాసాచ్ ప్రాంతమున 2014 మొదలు 50 సంవత్సరములలో 6.75 లేక అంతకు మించిన భూకంపము వచ్చుటకు నూటికి 43 పాళ్ళు అవకాశము కలదని 2016లో నిపుణులు అంచనా కట్టిరి.

మన దక్కను నేల సాగుట లేదు, నొక్కుడునకు లోనైయున్నది. ఐనను గోడల మాట ఎక్కడనైన ఒక్కటియే. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రమందలి కిల్లారి ప్రాంతమున 6.2 పరిమాణముగల కంపమునకే రాతిగోడలు కూలి వేలమంది మరణించిరి.

కావున ప్రాణములు తీయక పోయిన భూకంపమును గురువుగా ఎంచవలయును. అది చెప్పినది వ్రాసికొను యంత్రములను నిలుపుటయు, పాత గోడలను, అందును పాఠశాలల గోడలను, ముందుగా బలపరచుటయు ప్రభుత్వముల విధి. ఈ పాఠమును తెలుగున నేర్చిన విద్యార్థి ఇంటిలో అవ్వకును తెలియజెప్పగలడు. అది మన బడులు చేయదగిన సేవ.