మా పిల్లల చేతికి మా పుస్తకాలు

తెలుగు కథల్లో మేమెక్కడ? నవాబులుగానో, విలన్లుగానో, పండక్కి షీర్‌ఖుర్మా పంపే మంచి సాయిబుగానో! పంక్చర్లేసే మా అబ్బా, బీడీలు చుట్టే మా అమ్మీ, దూదేకే మా దాదా ఏరీ? తన ఇల్లు ఏ పేజీలోనూ కనపడని పిల్లాడు తలొంచుకోక ఏం చేస్తాడు?

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ'తో ఆ తల లేచింది. 1998లో 'జల్‌జలా', 1999లో ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు', 2004లో 'వతన్' వచ్చాయి. మా గల్లీ, మా యాస, మా పేదరికం సిగ్గుపడాల్సినవి కావన్నాయి.

నవాబుల వైభవం మాకొద్దు. వాళ్ళ కోటలకు రాళ్ళు మోసినవాళ్ళం మేం. మా గర్వం ఆ చెమటది.

ఈ పుస్తకాల్ని 'మైనారిటీ' అని విడిగా అటకెక్కించకండి. బళ్ళో పెట్టండి. మా పిల్లలు తలెత్తుకుంటారు. మీ పిల్లలు మమ్మల్ని మనుషులుగా చూస్తారు.