ఈ శౌర్యపతక మెవ్వరిది?

ఉత్తర ఫ్రాంసు దేశమున జివాన్షీ యను పల్లెచెంత 2010 సంవత్సరము జూను 19వ తేదీన ఒక స్మారకశిల నెలకొల్పబడినది. ఆ చేరువను, నేలక్రింద సుమారు 40 అడుగుల లోతున, ఇరువురు మనుష్యులు 1916 జూను మాసమునుండి నేటివరకు పడియున్నారు. వారిలో ఒకడు విలియం హాకెట్టు. ఇంగ్లండు దేశపు బొగ్గుగని కూలి. బ్రిటిషు ప్రభుత్వము తన సైనికుల కొసగు పతకము లన్నిటిలో మిన్నయైన విక్టోరియా క్రాసును మరణానంతరము బడసినవాడు. ఆతని కీర్తిని తగ్గింప మేము పూనుకొనలేదు. ఆ కీర్తిని ఎవరు తమ లెక్కలో వ్రాసికొనుచున్నారో దానిని గూర్చియే మా వాదము.

హాకెట్టు 1873లో నాటింగ్‌హాం నగరమున జనించెను. చదువు వ్రాత లెరుగడు. 23 సంవత్సరములు నేలబొగ్గు గనులలో శ్రమించి యార్కుషైరులోని మెక్సుబరో పట్టణమున ఆలుబిడ్డలతో కాపుర ముండెను. యుద్ధము రాగా సైన్యమున చేరబోయెను. వయసు మీరినదని ఒక పటాలమువారు మూడుమారులు త్రిప్పి పంపిరి. గుండెజబ్బును కలదని తేలినది. అయినను 1915 అక్టోబరులో 42 ఏండ్ల ఆ దేహమునే ప్రభుత్వము స్వీకరించెను. ఏమి మారినది? వయసు తగ్గలేదు, గుండె బాగుపడలేదు. మారినది ప్రభుత్వము యొక్క అక్కర. శత్రువుల కందకముల క్రిందికి సొరంగములు త్రవ్వి, మందుగుండు కూరి పేల్చుట అప్పటి యుద్ధతంత్రము. ఆ విద్య సేనానులకు రాదు, గనిపనివారికి వచ్చును. అందుచేతనే 1915 ఫిబ్రవరి మొదలు సొరంగపు దళము లేర్పడినవి. సామాన్యపదాతికి దినమునకు ఒక షిల్లింగు దొరకు కాలమున, మొనలో త్రవ్వు నేర్పరులకు 6 షిల్లింగుల వరకు ముట్టినది. కూలివాని నేర్పు వెల ప్రభువులకు తెలియకపోలేదు; తమ ప్రాణముమీదికి వచ్చినప్పుడే తెలిసినది!

హాకెట్టు ఫ్రాంసులో నుండగనే ఇంటివద్ద బాలుడైన ఆతని కుమారుడు గనిప్రమాదమున ఒక కాలు కోలుపోయెను. తండ్రికి వ్రాయుట రాదు గనుక ఇంటికి పంపవలసిన జాబులను తోడి సైనికునిచేత వ్రాయించుకొనుచుండెను.

1916 జూను 22వ తేదీ తెల్లవారుజామున జర్మనులు పేల్చిన మందుపాతరచే జివాన్షీ సొరంగము కూలినది. లోపల ఐదుగురు చిక్కిరి. ఇరువది గంటల శ్రమమీద ఒక చిన్న కంత ఏర్పడి వెలుపలివారితో కలియుటకు వీలైనది. హాకెట్టు ముగ్గురిని ఆ కంతగుండ దాటించెను. తానును సులభముగ దాటిపోవచ్చును. కాని నాలుగవవాడు, టామస్ కాలిన్సు అను 22 ఏండ్ల వేల్సు యువకుడు, తీవ్రముగ గాయపడి కదలలేకుండెను. తాను సొరంగపు పనివాడ ననియు, ముందు ఇతరులను చూడవలసినవాడ ననియు చెప్పి హాకెట్టు వెలికి రాలేదు. కంత క్రమక్రమముగ మూసికొనిపోయినది. తుదకు సొరంగమే కూలినది. నాలుగుదినములు త్రవ్వినను వారిని చేరలేకపోయిరి. నవంబరు 29వ తేదీన రాజు ఆతని భార్యచేతికి పతకము నందించెను.

పాఠకులారా, ఆ మాటను సాక్ష్యముగ పరిశీలింపుడు. నేను సైనికుడ నని హాకెట్టు చెప్పలేదు, రాజుపేరు తలపలేదు. తన వృత్తిని చెప్పెను. కొలది వారముల కవాతులో ఈ ధర్మ మెవరు నేర్పిరి? పైకప్పు కూలినప్పుడు తోడివానిని విడిచి రారాదనుట గనిలోని కట్టడి. అది 23 సంవత్సరముల చీకటిలో అలవడినది. కాబట్టి ఆ శౌర్యము గనులది. సైన్యము దానిని ఎరువు తెచ్చుకొన్నది.

గనిలోనే యుండి చనిపోయియుండిన ఆతని పేరెవ్వ రెరుగుదురు, సైన్యమే కదా కీర్తి నిచ్చినది, అని కొందరు మిత్రులు మమ్మడుగవచ్చును. మా ఫిర్యాదును అదియే! ఆ దినములలో బ్రిటను గనులలో ఏటేట వేయిమందికి పైగా మరణించుచుండిరి. 1913 అక్టోబరు 14న వేల్సులోని సెంఘెనిడ్ గనిలో పేలుడుచే 439 మంది కార్మికులు హతులైరి. న్యాయస్థానమున గని నిర్వాహకునిపై పడిన జరిమానా 24 పౌండ్లు. అటుపిమ్మట యజమానుల సంఘముపై పడినది 10 పౌండ్లు. న్యాయవాదవృత్తి నెరిగినవారము గనుక చెప్పుచున్నాము: ఇట్టి తీర్పులో శిక్షపడినది మృతుల కుటుంబములకే. యుద్ధమున ఒక్కని మరణమునకు రాజమందిరపు తలుపులు తెరచుకొన్నవి. శాంతికాలమున వందలమంది మరణములు కొలది పౌండ్లతో తీరిపోయినవి.

యుద్ధానంతర మేమైనది? గనులను జాతిపరము చేయుమని 1919లో శాంకీ విచారణసంఘమున అధికసంఖ్యాకులు చెప్పిరి. ప్రభుత్వము చెవినిడలేదు. యుద్ధకాలమున తన అదుపులోనికి తీసికొన్న గనులను 1921 మార్చి 31న తిరిగి యజమానుల కప్పగించెను. వారు కూలి తగ్గించి, అంగీకరింపనివారికి గనిద్వారములు మూసిరి. 1926లో మరల నదియే జరిగినది. హాకెట్టు సమాధియైన పదియేండ్లకే ఆతని తోడివారు మాసములతరబడి పస్తులుండి, తక్కువ కూలికి, ఏడుగంటలకు మారు ఎనిమిదిగంటల పనికి, తలలు వంచి మరల గనులలో దిగిరి. పతకము నిచ్చిన ప్రభుత్వమే ఆ అదనపు గంటకు చట్టము చేసినది! గనులు జాతిపరమగుటకు 1947 జనవరి 1వ తేదీ రావలసివచ్చినది.

ఇది పరదేశపు గాథ యని త్రోసివేయకుడు. తెలుగునేలయందును 1889లో ఇల్లెందులో మొదలిడిన నేలబొగ్గు త్రవ్వకము గోదావరిలోయవెంట వ్యాపించి నేటికిని సాగుచున్నది. మన యింటి దీపమున ఆ కూలివాని చెమట కలదు. గనిలో దిగినవానిని బ్రతికియున్ననాడే గౌరవింపవలెనని మేము కోరుచున్నాము. ప్రమాదము జరిగిన పిదప పూలదండ వేయుటకన్న, జరుగకముందు తనిఖీ చేయుట మేలు. కాలు పోయిన పిల్లవాని కుటుంబమునకు అన్నము దొరకనిచోట తండ్రికి కంచుపతకము వేసి ఋణము తీరినదనుట వంచన. శిలమీద పేరు చెక్కుటకు ముందు, వానిపైనున్న కప్పునకు ఒక దూలము నిలుపుడు.