నాన్న పీసీ పాతబడిందా?

మా నాన్న కంప్యూటర్ వయసు పన్నెండేళ్లు. నర్సీపట్నంలో మా ఇంటి ముందు గదే ఆయన డీటీపీ సెంటర్. శుభలేఖలు, బడి ప్రశ్నపత్రాలు, రైతుల అర్జీలు అన్నీ దాని మీదే. ఫోర్త్ జెన్ ఐ3, 4 జీబీ ర్యామ్. బటన్ నొక్కి, టీ పెట్టుకుని తాగి వచ్చేలోపు డెస్క్‌టాప్ కనిపిస్తే ఆ రోజు మంచి రోజన్నమాట.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు. ఆ తర్వాత? విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎయిత్ జెన్ నుంచే ఒప్పుకుంటుంది. మనకి గేటు దగ్గరే ఆపేశారు. దొడ్డిదారిన ఎక్కించే వీడియోలు బోలెడున్నాయి. కానీ అలా ఎక్కిస్తే అప్‌డేట్లకి గ్యారంటీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. నాన్న బ్యాంకు లాగిన్ కూడా ఆ పీసీలోనే. వద్దనుకున్నా.

అబీద్ సెంటర్ దాకా వెళ్లి అడిగితే కొత్తది 35 వేలన్నారు. అది చెల్లి కాలేజీ ఫీజు కట్టిన నెల.

"లినక్స్ వేద్దాం నాన్నా, ఫ్రీ" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి, "మరి నా ఫైళ్లు ఏటవుతాయిరా?" అన్నారు.

నేను తేలిగ్గా తీసుకున్నా. పెన్‌డ్రైవ్‌లోకి లినక్స్ మింట్ ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా దాంతోనే బూట్ చేశా. ఇది మీరూ చేసి చూడొచ్చు, మీరు చెప్పకుండా హార్డ్‌డిస్క్‌లో ఏదీ మారదు. వైఫై పట్టింది, యూట్యూబ్ ఆడింది. నాన్న ఓ పాత శుభలేఖ తెరవమన్నారు. అది పేజ్‌మేకర్ ఫైలు, తెరుచుకోలేదు. వర్డ్‌లో ఉన్న అర్జీ తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగం.

సంగతేంటంటే, నాన్న టైపు చేసేది అను ఫాంట్లలో. మన వాట్సాప్ తెలుగు యూనికోడ్, అందులో ప్రతి అక్షరానికీ సొంత నంబరు ఉంటుంది. అనులో అలా కాదు. తెర మీద తెలుగు కనిపిస్తుంది గానీ, ఫైల్లో ఉండేది ఏదో ఇంగ్లిష్ అక్షరమో గుర్తో. ఆ ఫాంటు లేకపోతే ముసుగు తీసేసినట్టే. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి, అర్జీలకి సరిపోతాయి, ఒత్తుల దగ్గర ఓసారి చూసుకోవాలి. మరి డిజైన్ చేసిన వందల శుభలేఖలో? 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7కి, యాపిల్ కీబోర్డ్ లేఅవుట్‌కి అలవాటుపడ్డ ఆయన వేళ్లో? నేను చిప్ గురించి ఆలోచిస్తున్నా, ఆయన బేరాల గురించి.

చివరికి రెండూ ఉంచాం. ముందు మొత్తం ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి బ్యాకప్. రెండు వేల లోపు 240 జీబీ ఎస్ఎస్‌డీ, సెకండ్ హ్యాండ్‌లో ఇంకో 4 జీబీ ర్యామ్. నిజానికి పీసీని నత్తలా చేసింది ప్రాసెసర్ కాదు, పాత హార్డ్‌డిస్కే. ఇప్పుడు అర నిమిషంలో లేస్తోంది. ఆన్ చేయగానే ఏది కావాలో అడుగుతుంది. విండోస్ 10లో నాన్న పని, దానికి ఇంటర్నెట్ తీసేశా. బ్యాంకు, మెయిల్, చెల్లి చదువు మింట్‌లో. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు కూడా ముందు మింట్‌లోనే తెరవాలని రూలు పెట్టా. పాత లేజర్ ప్రింటర్ మాత్రం మింట్‌కి లొంగలేదు. రెండు రాత్రులు కుస్తీ పట్టి వదిలేశా, ప్రింట్లు విండోస్‌లోనే.

నాన్న వాటికి పేర్లు పెట్టుకున్నారు: నీలం, పచ్చ. నిన్న ఎవరో శుభలేఖ మేటర్ వాట్సాప్‌లో పంపారు. పచ్చలో తెరిచి చదివారు, కాగితం మీద రాసుకున్నారు, రీస్టార్ట్ చేసి నీలంలో మొత్తం మళ్లీ టైపు చేశారు.

"కన్వర్టర్‌లో పెడితే సరిపోయేది కదా నాన్నా?"

"నువ్వు చెప్పేలోపు అయిపోయిందిరా."