ఐదు మరణములకు హారమేది?

2009 జూలైలో అవిభక్త ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలములలో, 10 మొదలు 14 సంవత్సరముల ప్రాయముగల సుమారు 14 వేలమంది బాలికలకు, గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించు హెచ్.పి.వి. టీకాను వేయించుటకు, ‘పాత్’ అను అమెరికా సంస్థయు భారత వైద్య పరిశోధన మండలియు నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సహకారముతో పూనుకొనినవి. కొందరు బాలికలు మరణించిరని ఆందోళన చెలరేగగా, మరుసటి ఏప్రిలులో ఆ కార్యక్రమము నిలిచిపోయినది. గుజరాతులోని వడోదరతో గలిపి మరణములు ఏడు. అందు ఐదు ఖమ్మం జిల్లావి. పాముకాటు, మలేరియా, నీట మునుగుట, పురుగుమందు మున్నగునవి కారణములనియు, టీకాతో సంబంధ మున్నట్లు తోపదనియు విచారణ సంఘము తేల్చినది.

ఐదు అను సంఖ్య నొక్కదానినే చూచి టీకాను దోషి యనుటయు, నిర్దోషి యనుటయు సమానముగా తొందరపాటే. సూది వేయకున్నను ఆ అడవిపల్లెలలో ఆ ప్రాయమువారు ఏటా ఎందరు మరణింతురో తెలియనిదే ఆ ఐదింటిని దేనితో పోల్తుము? ఊహకై వేయిమందికి ఏటా ఒక్కరనుకొందము. అప్పుడు తొమ్మిది నెలలలో 14 వేలమందికి పదిమంది వరకు టీకా ప్రసక్తి లేకయే పోవుదురు. యాదృచ్ఛికముగా ఆ పది ఒకప్పుడు పదమూడు, ఒకప్పుడు ఏడు కావచ్చును. ఐదే నమోదైనచో, ఊరట చెందుటకు ముందు వైద్యవిద్యార్థి అడుగవలసినది వేరొకటి కలదు: తక్కినవి జరుగనేలేదా, మన చెవిని పడలేదా? పండుగకు ఆశ్రమ పాఠశాలనుండి గూడెమునకు బోయి, జ్వరముతో మంచముపట్టి మరలిరాని పిల్ల, హాజరుపట్టీలో గైరుహాజరుగా మిగిలిపోవచ్చునుగాని టీకా రిజిస్టరున కెక్కదు.

సమ్మతి విషయము నిచ్చటనే తలపవలెను. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము చూపిన లెక్క ప్రకారము, నాటి ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 సమ్మతి పత్రములలో 1,948 వేలిముద్రలు కాగా, 2,763 హాస్టలు వార్డెన్ల సంతకములు. దీనిని నీతికి మాత్రమే సంబంధించిన లోపమని యెంచుట పొరపాటు. తన బిడ్డకు ఏ సూది వేసిరో ఎరుగని తల్లి, ఆ బిడ్డకు జ్వరము తగిలిన నాడు ఎవరికి, ఏమని చెప్పును? సమ్మతి లేని చోట సమాచారమును లేదు. ఏటా పదులవేల స్త్రీలను బలిగొను వ్యాధిపై ఈ టీకా మేలును నేను శంకింపను. శంకించుటకైనను, నమ్ముటకైనను ఆ కార్యక్రమము మనకు ఆధారము మిగుల్పలేదన్నదే నా బాధ.

ఖమ్మం, కొత్తగూడెములలో నేడు వైద్య కళాశాలలు కలవు. అచ్చట గణాంక సూత్రములను కంఠస్థము చేయించుటకు ముందు విద్యార్థులను ఏజెన్సీ ఉపకేంద్రమునకు పంపి, ఏ.ఎన్.ఎం. రిజిస్టరులోని మరణములను ఇంటింట విచారించి వ్రాసికొన్నవానితో పేరుపేరున సరిపోల్చ జేయవలెను. కలకత్తా చెంత సింగూరులో చేసిన అట్టి పనిని ఆధారముగా గొని, రెండు జాబితాలకును అందక తప్పిపోయిన మరణముల నంచనా వేయు విధమును 1949లోనే చంద్రశేఖరన్, డెమింగు అను గణాంక శాస్త్రజ్ఞులు చూపిరి: మొదటిదానిలో మాత్రమే యున్న పేర్ల సంఖ్యను రెండవదానిలో మాత్రమే యున్నవానితో గుణించి, రెండింటను ఉన్నవానితో భాగించుట. జాబితాలు ఒకదానిపై నొకటి యాధారపడరాదన్న నియమము మాత్రము మరువరాదు. కనుక ఇంటింట విచారించువారికి రిజిస్టరు ముందుగా చూపకుండుట మంచిది.